రెండెకరాల పదిహేను గుంటల లెక్క



భూపాలపల్లి జిల్లా కాటారం మండలంలో ఒక రైతు పట్టాదారు పాసు పుస్తకంలో విస్తీర్ణం 2.15 అని ఉందనుకుందాం. రైతు భరోసా కింద ఎకరానికి ఒక పంటకాలానికి 6,000 రూపాయలు. ఇంట్లో పదో తరగతి చదివే మనవడు ఫోన్ తీసి 2.15 ఇంటు 6,000 కొట్టాడు. 12,900 వచ్చింది. అరుగు మీద కూర్చున్న తాత కాగితం ముట్టకుండానే 14,250 అన్నాడు.

“ఫోన్ల తక్కువ చూపెడుతుంది గదా తాతా?”

“ఫోనుకు గుంటలెట్ల తెలుస్తయి బిడ్డా?”

తాత మాటే ఖరారు. తేడా 1,350 రూపాయలు. ఫోన్ గుణకారంలో ఏ తప్పూ చేయలేదు. కాకపోతే అది దశాంశ బిందువు అనుకున్న చుక్క దశాంశ బిందువు కాదు. ఆ చుక్కకు ఎడమ పక్కన ఎకరాలు, కుడి పక్కన గుంటలు. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు. తాత ఏం చేశాడు? రెండెకరాలకు పన్నెండు వేలు. ఆరు వేలను నలభైతో భాగిస్తే గుంటకు నూట యాభై. పదిహేను గుంటలకు రెండు వేల రెండు వందల యాభై. రెండూ కలిపాడు. భూమిని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడిగా గుణించి, ఆ తర్వాత కలపడాన్నే మన పాఠ్యపుస్తకం విభాగ న్యాయం అంటుంది. తాతకు ఆ పేరు తెలియకపోవచ్చు. పిల్లవాడికి పేరు తెలుసు, రెండు మార్కుల ప్రశ్నగా జవాబు కూడా రాస్తాడు. కానీ ఇంట్లో లెక్క చేసేటప్పుడు అది గుర్తుకు రాలేదు. ఈ పూట నా మాటలన్నీ ఈ తాతకూ మనవడికీ మధ్య ఉన్న ఖాళీ గురించే.

ఆ చుక్క సంగతి ఇంకొంచెం చూద్దాం. కోస్తా జిల్లాల్లో ఎకరానికి నూరు సెంట్లు. అక్కడ 2.15 అంటే రెండెకరాల పదిహేను సెంట్లు, అది నిజమైన దశాంశమే, ఫోన్ లెక్క సరిపోతుంది. ఇక్కడ మాత్రం 2.39 తర్వాత వచ్చేది 3. ఇక్కడి పుస్తకంలో 2.40 ఉండకూడదు. ఎకరం పాతిక గుంటలకు ఇంకో ఎకరం పాతిక గుంటలు కలిపితే కాలిక్యులేటర్ రెండున్నర అంటుంది, భూమి మాత్రం మూడెకరాల పది గుంటలు. మన రెండెకరాల పదిహేను గుంటలను అసలైన దశాంశంలో రాయాలంటే 15ను 40తో భాగించి 2.375 అనాలి. దాన్ని 6,000తో గుణించండి, తాత చెప్పిన 14,250 వస్తుంది. ఇదే జిల్లాలో మేడిగడ్డ బరాజ్ నిల్వ సామర్థ్యం 16.17 టీఎంసీలు అని పేపర్లో చదువుతాం. అక్కడి చుక్క దశాంశ బిందువే. చూడటానికి రెండు చుక్కలూ ఒకటే. సంఖ్య వేరు, దాన్ని రాసే పద్ధతి వేరు అన్నది ఇక్కడ పట్టుకుంటే మిగతా కథ సులువు.

ఇప్పుడు పంపకానికి వద్దాం. ఒక ఎకరం, ముగ్గురు అన్నదమ్ములు. నలభై గుంటలను మూడుతో భాగిస్తే పదమూడు గుంటలు, పైన మూడో వంతు. కాగితం మీద 13.33 అని రాసుకుంటారు. మూడు వాటాలు కూడితే 39.99. గుంటలో నూరో వంతు ఎటో పోయింది. ఎంత జాగ అది? పదకొండు చదరపు అడుగులకు కాస్త తక్కువ, నవారు మంచం కూడా పట్టదు. అయినా గట్టు తగాదాలు ఇంతకంటే తక్కువ జాగ మీద కూడా నడుస్తాయని మీకు నేను చెప్పనక్కర్లేదు.

నిజానికి ఆ జాగ ఎటూ పోలేదు. మూడో వంతును చుక్క తర్వాత రెండంకెల దగ్గర మనం కోసేశాం, అంతే. కొయ్యకపోతే 3 తర్వాత 3 వస్తూనే ఉంటుంది, ఎప్పటికీ ఆగదు. అలా ఆగని మూడులను మూడుతో గుణిస్తే ఆగని తొమ్మిదులు వస్తాయి. సున్నా పాయింట్ తొమ్మిది తొమ్మిది తొమ్మిది అంటూ అంతం లేకుండా సాగే ఆ సంఖ్య ఒకటికి సమానం. దగ్గరగా ఉండటం కాదు, సరిగ్గా ఒకటే. చాలామంది పిల్లలు దీన్ని ఒప్పుకోరు, ఒప్పుకోకుండా వాదించే పిల్లలంటే నాకు ఇష్టం. వాళ్లకు ఇంకో దారి చూపాలి. గుంట అంటే 33 అడుగులు ఇంటు 33 అడుగులు, 1,089 చదరపు అడుగులు. దాన్ని మూడుతో భాగిస్తే 363, శేషం లేదు. కాబట్టి ఒక్కొక్కరి వాటా 13 గుంటల 363 చదరపు అడుగులు. మూడు వాటాలు కలిపితే గట్టుతో సహా ఎకరం పూర్తిగా వస్తుంది. ఆగకుండా సాగడమన్నది ఆ సంఖ్యలోని లోపం కాదన్నమాట. పదుల లెక్కలో రాయాలని మనం పెట్టుకున్న నియమం వల్ల వచ్చిన చిక్కు అది.

ఇక సంఖ్యల్లోని రకాల మాట. మన తెలంగాణ పుస్తకాల్లో ఈ రకాలు ఏడాదికొకటి చొప్పున వస్తాయి. ఆరో తరగతిలో పూర్ణాంకాలు, ఏడులో పూర్ణసంఖ్యలు, ఎనిమిదిలో అకరణీయ సంఖ్యలు, తొమ్మిదిలోనూ పదిలోనూ వాస్తవ సంఖ్యలు. పిల్లలు వీటిని డబ్బాల్లాగా గుర్తుపెట్టుకుంటారు. ఎన్, డబ్ల్యూ, జెడ్, క్యూ, ఆర్. కొత్త డబ్బా ఎందుకు కావలసి వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు. జవాబు చిన్నదే. ప్రతిసారీ ఏదో ఒక క్రియ మధ్యలో ఆగిపోయింది.

ఒకటి, రెండు, మూడు అంటూ లెక్కపెట్టేవి సహజ సంఖ్యలు. ఏ రెంటిని కలిపినా, గుణించినా మళ్లీ సహజ సంఖ్యే వస్తుంది. దీన్నే సంవృత ధర్మం అంటారు. తీసివేత దగ్గర బండి ఆగింది. అయిదులోంచి అయిదు తీస్తే ఏం రాయాలి? సున్నా కావలసి వచ్చింది. అయిదులోంచి ఎనిమిది తీస్తే? రుణ సంఖ్యలు కావలసి వచ్చాయి. అవీ చేర్చుకుంటే పూర్ణసంఖ్యలు, తీసివేతకు ఇక అడ్డులేదు. భాగహారం దగ్గర మళ్లీ ఆగింది, మన నలభై గుంటలూ ముగ్గురు అన్నదమ్ములూ అక్కడివాళ్లే. భిన్నాలను చేర్చుకుంటే అకరణీయ సంఖ్యలు. సున్నాతో తప్ప ఇక దేనితోనైనా భాగించవచ్చు.

పాత రకం కొత్త రకంలో అలాగే ఉంటుంది. కాటారంలో ఉన్నవాడు భూపాలపల్లి జిల్లావాడే, తెలంగాణవాడే, భారతదేశంవాడే. అయిదు కూడా అంతే. సహజ సంఖ్యే, పూర్ణసంఖ్యే, అకరణీయ సంఖ్యే, వాస్తవ సంఖ్యే. మనం 2016 అక్టోబర్ 11 దాకా కరీంనగర్ జిల్లావాళ్లం, ఇప్పుడు కాదు. సంఖ్యలకు ఆ బెడద లేదు.

భిన్నాల్లోనే ఒక మంచి లెక్క మన గోదావరి ఒడ్డున ఉంది. ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. రోజంతా ఎన్ని క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది? నీటిపారుదల శాఖ ఇంజనీర్లను నిద్రలో లేపి అడిగినా 11,574 అంటారు. అది కోసేసిన జవాబు. నూరు కోట్లను 86,400తో పూర్తిగా భాగిస్తే 11,574 పాయింట్ సున్నా ఏడు నాలుగు, సున్నా ఏడు నాలుగు, సున్నా ఏడు నాలుగు అంటూ సాగుతుంది, ఆగదు. ఎందుకని? రోజుకు 24 గంటలు, అందులో ఒక మూడు దాగి ఉంది. గంటకు 60 నిమిషాలు, అందులో ఒక మూడు. నిమిషానికి 60 సెకన్లు, ఇంకో మూడు. కొట్టివేతలన్నీ అయ్యాక హారంలో ఈ మూడు మూడుల లబ్ధం 27 మిగిలిపోతుంది. హారంలో రెండులూ అయిదులూ తప్ప ఇంకేదైనా మిగిలితే ఆ దశాంశం ఆగదు. పదో తరగతి మొదటి పాఠంలో ఉన్న నియమం ఇదే. గుంటలు ఎందుకు బుద్ధిగా ఆగిపోతాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. నలభై అంటే రెండు ఇంటు రెండు ఇంటు రెండు ఇంటు అయిదు, వేరే కారణాంకం లేదు. అందుకే ఎన్ని గుంటలైనా ఎకరాల్లో చుక్క తర్వాత మూడంకెల్లోపే ముగిసిపోతాయి. ఒక గుంట అంటే 0.025 ఎకరం.

ఆగకపోయినా అది ఎందుకు తిరిగి తిరిగి అవే అంకెలతో వస్తుందో కాగితం దగ్గరున్నవాళ్లు చేసి చూడండి. పూర్ణభాగం 11,574 పోయాక శేషం 2, హారం 27. రెండు పక్కన సున్నా పెడితే 20, అందులో 27 పోదు, సున్నా రాశాం. ఇంకో సున్నా పెడితే 200, ఏడుసార్లు పోయి 11 మిగిలింది. 110లో నాలుగుసార్లు పోయి 2 మిగిలింది. ఈ రెండును మనం ముందే చూశాం! ఇక కథ మళ్లీ మొదటికి వచ్చినట్టే. 27తో భాగిస్తే శేషాలు 0 నుంచి 26 దాకానే ఉంటాయి కాబట్టి ఏదో ఒక శేషం మళ్లీ రాక తప్పదు. ప్రతి భిన్నమూ ఆగుతుంది, లేదా ఇలా చుట్టు తిరుగుతుంది. మూడో దారి భిన్నాలకు లేదు.

మూడో దారి పట్టిన సంఖ్యలు లేవా? ఉన్నాయి. మళ్లీ చేనుకే వెళదాం.

గుంట నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 11 గజాలు. నాలుగు గుంటలు నలుచదరంగా కొలవాలంటే 22 గజాలు. తొమ్మిది గుంటలకు 33, పదహారింటికి 44, ఇరవై అయిదింటికి 55, ముప్పై ఆరింటికి 66. ఇంతవరకు టేపు పట్టుకుంటే చాలు. ఇప్పుడు సరిగ్గా ఒక ఎకరం, నలభై గుంటలు, నాలుగు వైపులా సమానంగా కావాలి. ఒక్కో వైపు ఎన్ని గజాలు? విస్తీర్ణం 4,840 చదరపు గజాలు. దాని వర్గమూలం 22 ఇంటు పది వర్గమూలం. సుమారుగా 69.57 గజాలు, అడుగుల్లో 208 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. సర్వే గొలుసుతో చెప్పాలంటే ఇంకా తేలిక. ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషాయన 1620లో తెచ్చిన గొలుసు 22 గజాలు, ఎకరం అంటే పది చదరపు గొలుసులు, కాబట్టి నలుచదరపు ఎకరం వైపు పది వర్గమూలం గొలుసులు. నేను మళ్లీ మళ్లీ సుమారుగా అంటున్నది ఊరికే కాదు. గజాల్లో చెప్పినా, అడుగుల్లో చెప్పినా, అంగుళాన్ని కోటి ముక్కలు చేసి ఆ ముక్కల్లో చెప్పినా ఆ పొడవు ఏ భిన్నానికీ సరిగ్గా దొరకదు.

అంత గట్టిగా ఎలా చెప్పగలం? ఇది వినండి. పది వర్గమూలం ఒక భిన్నం అనుకుందాం, పైన లవం, కింద హారం. రెండు వైపులా వర్గం చేస్తే, లవం వర్గం హారం వర్గానికి పది రెట్లు ఉండాలి. ఇప్పుడు రెండు పక్కలా 2 అనే కారణాంకం ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. ఏ సంఖ్యనైనా వర్గం చేస్తే అందులోని ప్రతి కారణాంకం రెట్టింపు అవుతుంది. కాబట్టి వర్గంలో రెండులు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి. లవం వర్గంలో సరి. హారం వర్గంలోనూ సరి, కానీ దాన్ని పదితో గుణించాం, పదిలో ఇంకో రెండు ఉంది. కాబట్టి అటు పక్క బేసి. ఒకే సంఖ్యలో రెండులు సరిగానూ బేసిగానూ ఎలా ఉంటాయి? ఉండవు. అలాంటి భిన్నం లేదు. ఇంత చిన్న వాదనతో, ఒక్క కొలత కూడా తీయకుండా, ప్రపంచంలోని భిన్నాలన్నింటినీ ఒకేసారి పక్కన పెట్టేశాం. బడిలో చెప్పే గణితంలో ఇంతకన్నా అందమైన చోటు నాకు కనపడలేదు.

ఇలా ఏ భిన్నానికీ దొరకని సంఖ్యలనే కరణీయ సంఖ్యలు అంటాం. ఒక గుంట నలుచదరానికి మూల నుంచి మూలకు తాడు లాగితే ఆ పొడవు 11 ఇంటు రెండు వర్గమూలం. అదీ ఈ జాతిదే. ఆ తాడునే భుజంగా తీసుకుని ఇంకో నలుచదరం గీస్తే దాని విస్తీర్ణం సరిగ్గా రెండు గుంటలు. యజ్ఞవేదిని రెట్టింపు చేయడానికి మన శుల్బసూత్రాలు చెప్పిన ఉపాయం ఇదే. వేదపండితులకు పేరున్న మంథని మనకు పక్కనే. ఆ వేద సంప్రదాయంలోని బౌధాయన శుల్బసూత్రం, క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ల ముందుది, తాడు పొడవుకు ఒక లెక్క ఇచ్చింది. ఒకటికి మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, ఈ చివరిదానిలో ముప్పై నాలుగో వంతు తీసెయ్యి. అన్నీ కూడితే 577 బై 408. 577 వర్గం 3,32,929. 408 వర్గానికి రెట్టింపు 3,32,928. ఒక్కటంటే ఒక్కటే తేడా! ఈ భిన్నంతో మన గుంట మూల తాడును కొలిస్తే వచ్చే పొరపాటు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. తల వెంట్రుక మందం కూడా ఉండదు. అయినా ఆ ఒక్క తేడా ఏనాటికీ సున్నా కాదు, ఇంకెంత పెద్ద భిన్నం తెచ్చినా కాదు.

π (పై) సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పై అంటే 22 బై 7 అని బడిలో రాసి రాసి చాలామంది దాన్ని భిన్నమే అనుకుంటారు. ఆర్యభటుడు 499లోనే 62,832 బై 20,000 ఇచ్చి, అది ఆసన్నం అని, అంటే దగ్గరి విలువ అని హెచ్చరించాడు. అది ఏ భిన్నమూ కాదని రుజువు చేసింది లాంబర్ట్, 1761లో.

అకరణీయాలూ కరణీయాలూ కలిస్తే వాస్తవ సంఖ్యలు. ఒక గీత గీస్తే దాని మీద ఖాళీ లేకుండా ప్రతి బిందువుకూ ఒక సంఖ్య. ఈ ఖాళీ లేకపోవడం అంటే ఏమిటో జర్మనీలో డెడెకిండ్ 1872లో గానీ సరిగ్గా రాసిపెట్టలేదు. రెండేళ్లకు కాంటర్ ఇంకో సంగతి చూపించాడు. భిన్నాలను ఒకటి, రెండు, మూడు అని వరుస నంబర్లు ఇచ్చి నిలబెట్టవచ్చు, వాస్తవ సంఖ్యలను నిలబెట్టలేం. గీత మీద కళ్లు మూసుకుని వేలు పెడితే తగిలేది కరణీయ సంఖ్యే అనుకోవచ్చు. ఇంత జనాభా ఉన్నా ఈ కరణీయాలకు సొంత ఇల్లు నిలబడదు. రెండు వర్గమూలాన్ని దానితోనే గుణించండి, రెండు వస్తుంది, అకరణీయం. సంవృత ధర్మం వాటికి లేదు. అందరితో కలిసి ఉంటేనే వాటికి లెక్క.

ఇంతసేపూ సంఖ్యలు. ఇప్పుడు క్రియలు. పత్తి చేనులో అచ్చు తోలి, నిలువు అడ్డం సాళ్లు కలిసే చోటల్లా గింజ పెడతారు. తూర్పు గట్టు మీద నిలబడితే 90 సాళ్లు, సాలుకు 60 చెట్లు. ఉత్తరం గట్టు మీద నిలబడితే 60 సాళ్లు, సాలుకు 90 చెట్లు. చెట్లు 5,400, ఎటు నుంచి చూసినా అవే. గుణకారంలో సంఖ్యల స్థానం మారినా ఫలితం మారదన్న స్థిత్యంతర ధర్మానికి ఇంతకు మించిన రుజువు నాకు అక్కర్లేదు.

అది బజారులో ఎలా పనికొస్తుందో చూడండి. పదివేల రూపాయల సరుకు మీద రెండు శాతం ఒక కోత, మిగిలినదాని మీద అయిదు శాతం ఇంకో కోత. ముందు రెండు తీసినా, ముందు అయిదు తీసినా చేతికొచ్చేది 9,310 రూపాయలే. శాతాలు అంటే గుణకారాలు, గుణకారాల వరుస మార్చవచ్చు. అదే రెండు శాతం కోత, వంద రూపాయల హమాలీ అనుకోండి. ముందు శాతం తీసి తర్వాత హమాలీ తీస్తే 9,700. ముందు హమాలీ తీసి తర్వాత శాతం తీస్తే 9,702. రెండు రూపాయల తేడా చిన్నదే, సరుకు పదిరెట్లయినా అది అంతే ఉంటుంది, హమాలీ పెరిగితే తేడా పెరుగుతుంది. గుణకారమూ తీసివేతా కలిసిన చోట వరుస మార్చే హక్కు లేదు. చిట్టీలో ఏది ముందు తీశారో చూసుకోవడం రైతు హక్కు.

తీసివేతకు ఇంకో మెలిక ఉంది. జేబులో వెయ్యి రూపాయలున్నాయి. కిరాణా కొట్టులో నాలుగు వందలు ఇచ్చాను, అక్కడి నుంచి వచ్చి కూరగాయలకు వంద ఇచ్చాను. మిగిలింది అయిదు వందలు. ఇంకో రోజు నాలుగు వందలు ఇస్తే కొట్టతను వంద తిరిగిచ్చాడు. మిగిలింది ఏడు వందలు. రెండు రోజులూ వెయ్యి, నాలుగు వందలు, వంద, మధ్యలో తీసివేతలే. కుండలీకరణం ఎక్కడ పెట్టామన్నదే తేడా. కూడికలో, గుణకారంలో కుండలీకరణం ఎక్కడ పెట్టినా ఒకటే, అది సహచర ధర్మం. దానికి స్థిత్యంతర ధర్మం తోడవడం వల్లే 25 ఇంటు 37 ఇంటు 4 అడిగితే, ముందు 25నూ 4నూ గుణించి నూరు చేసుకుని, 3,700 అని క్షణంలో చెప్పేస్తాం.

తాత వాడిన విభాగ న్యాయం మాత్రం వీటన్నిటికంటే గట్టి చేయి. పత్తి పొడుగు పింజ రకానికి 2024-25లో మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. 12 క్వింటాళ్లకు? పన్నెండు ఏడున్నర వేలు తొంభై వేలు, పన్నెండు ఇరవై ఒకట్లు 252. మొత్తం 90,252. ఇంతేనా దాని పని? కాదు. మైనస్ ఇంటు మైనస్ ప్లస్ ఎందుకవుతుందో చెప్పేదీ అదే.

కాళేశ్వరం ఘాట్ దగ్గర గోదావరి గంటకు మూడు సెంటీమీటర్ల చొప్పున తగ్గుతోందనుకుందాం. తగ్గడం కాబట్టి మైనస్ మూడు. రెండు గంటల తర్వాత మట్టం మైనస్ ఆరు, అంటే ఆరు సెంటీమీటర్లు కింద. రెండు గంటల కిందట? గడిచిన కాలం కాబట్టి మైనస్ రెండు గంటలు. అప్పుడు నీళ్లు ఇప్పటికంటే ఆరు సెంటీమీటర్లు పైన ఉన్నాయి. మైనస్ మూడు ఇంటు మైనస్ రెండు, ప్లస్ ఆరు. 2022 జులైలో వరదకు కన్నెపల్లి పంపుహౌస్ మునిగిన రోజుల్లో ఇలాంటి లెక్కలు ఒడ్డు ఊళ్లల్లో ప్రతి ఇంట్లో వేసి ఉంటారు.

నది ఉదాహరణ నచ్చనివాళ్లకు విభాగ న్యాయం ఉంది. రెండూ మైనస్ రెండూ కలిస్తే సున్నా. సున్నాను మైనస్ మూడుతో గుణిస్తే సున్నా. ఇప్పుడు తాత చేసినట్టు విడగొట్టండి. మైనస్ మూడు ఇంటు రెండు, మైనస్ ఆరు. దానికి మైనస్ మూడు ఇంటు మైనస్ రెండు కలపాలి, కలిపితే సున్నా రావాలి. మైనస్ ఆరుకు ఏం కలిపితే సున్నా వస్తుంది? ప్లస్ ఆరు. ఇంకో జవాబు పెడితే విభాగ న్యాయం చెడిపోతుంది. కొత్త సంఖ్యలను లోపలికి రానిస్తాం గానీ, పాత సంఖ్యలు పాటించిన నియమాలను అవీ పాటించాలి. వాస్తవ సంఖ్యల కథ మొత్తం నడిచింది ఈ షరతు మీదే.

ధనం, రుణం, శూన్యం మూడింటికీ క్రియల నియమాలు రాసిపెట్టినవాడు బ్రహ్మగుప్తుడు, 628లో. ఆస్తి, అప్పు అన్న భాషలోనే రాశాడు. వెయ్యేళ్లు దాటినా, 1758లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ మాసెరెస్ రుణ సంఖ్యలే అక్కర్లేదని పుస్తకం వేశాడు. మన షావుకారి ఖాతా పుస్తకం ఒక్కసారి చూసి ఉంటే ఆయన మనసు మార్చుకునేవాడేమో!

సున్నాతో భాగహారం దగ్గర మాత్రం మనవాళ్లూ తడబడ్డారు. మహావీరాచార్యుడు 850 ప్రాంతంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో గణితసారసంగ్రహం రాశాడు. మన వేములవాడ చాళుక్యులు ఆ రాష్ట్రకూటుల సామంతులే. తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరున్న పావులూరి మల్లన సారసంగ్రహ గణితానికి మూలం ఈ మహావీరుడి పుస్తకమే. లెక్కలంటే ఆయనకు ఎంత సరదా అంటే, 152207ను 73తో గుణిస్తే వరుసగా ఎనిమిది ఒకట్లు వస్తాయని చూపించి దండ గుచ్చినట్టు పెట్టాడు. అలాంటివాడు కూడా ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే అది మారదన్నాడు. ఎనిమిదిని సున్నాతో భాగిస్తే ఎనిమిదే అనుకోండి. అప్పుడు తిరగేస్తే ఎనిమిది ఇంటు సున్నా ఎనిమిది కావాలి. కానీ అది సున్నా. పోనీ వేరే జవాబు పెడదామా అంటే ఏది పెట్టినా ఇదే గొడవ. షరతు పాటించే జవాబు ఒక్కటీ లేదు కాబట్టి ఆ భాగహారానికి తలుపు మూసే ఉంది. ఫోన్‌లో కొట్టి చూడండి, తప్పు అని చూపిస్తుంది.

అదే మహావీరుడు ఇంకో మాట మాత్రం కచ్చితంగా చెప్పాడు. ధన సంఖ్య వర్గమైనా, రుణ సంఖ్య వర్గమైనా ధనమే. కాబట్టి రుణ సంఖ్య దేనికీ వర్గం కాదు, దానికి వర్గమూలం లేదు. వాస్తవ సంఖ్యల్లో ఉన్నంతవరకు ఆ మాటకు తిరుగులేదు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లకు యూరప్ వాళ్లు మైనస్ ఒకటికి కూడా ఒక వర్గమూలం ఉందనుకుని లెక్కలు మొదలుపెట్టారు. స్థిత్యంతరం, సహచరం, విభాగం, అన్నీ నిలబడ్డాయి. ఒక్కటి మాత్రం పోయింది. వాస్తవ సంఖ్యల్లో ఏ రెంటిని తెచ్చినా సమానమో, ఏది పెద్దో చెప్పగలం. 577 బై 408 పెద్దదా, రెండు వర్గమూలం పెద్దదా అంటే చెప్పాం కదా, 577 బై 408 పిసరంత పెద్దది. ఆ కొత్త సంఖ్యల్లో క్రియలతో పొసిగేలా పెద్ద, చిన్న అని వరుస పెట్టడం కుదరదు. వాటి పేరు సంకీర్ణ సంఖ్యలు, అవి మన పిల్లలకు ఇంటర్ రెండో సంవత్సరం గణితంలో ఎదురవుతాయి.